వంశావళి సంఘంలో సభ్యత్వ అర్హత నియమం మార్చడానికి ఓట్లు చాలట్లేదు, ఏం చేయాలి?

అమెరికాలో ఒక చిన్న వంశావళి సంఘానికి నేను నియమావళి కమిటీలో ఉన్నాను. తొలి వలసదారుల కొడుకుల వైపు నుంచి వచ్చిన వారసులకే మా దగ్గర సభ్యత్వం. కూతుళ్ల సంతతికీ ఇవ్వాలని సవరణ పెట్టాం. మేఫ్లవర్ అనే ఓడలో అమెరికాకు వచ్చిన వలసదారుల వారసుల కోసం 1897లో మొదలైన సంఘంలో కొడుకు వైపైనా, కూతురు వైపైనా వంశం రుజువైతే చాలు. మాకెందుకు కుదరదు?

30 రోజుల ముందే నోటీసు ఇచ్చి ఓటింగ్ పెట్టాం. వచ్చినవారు 61 మంది. అనుకూలం 38, వ్యతిరేకం 17, ఆరుగురు ఓటే వేయలేదు. పడిన ఓట్లలో మూడింట రెండు వంతులంటే 37 చాలు, నెగ్గేవాళ్లం. కానీ మా నియమావళిలో ‘హాజరైన సభ్యుల్లో’ అని రాసి ఉంది, అంటే 41 కావాలి. ఓటు వేయని ఆరుగురూ వ్యతిరేకించినట్టే లెక్క. సవరణ వీగిపోయిందన్న అధ్యక్షుడి నిర్ణయం తప్పని నేను అనను, బాధ మాత్రం ఉంది.

తర్వాత ఆ ఆరుగురితో ఫోన్లో మాట్లాడాను. కూతుళ్ల విషయంలో నలుగురికి అభ్యంతరమే లేదు. పాత సభ్యుల జనన, వివాహ పత్రాలు మళ్లీ తనిఖీ చేస్తారేమోనని వాళ్ల టెన్షన్. అలాంటిదేమీ ఉండదని ఉత్తరం రాసినా నమ్మకం కుదరలేదు. ఓటింగ్ నిబంధన ముందు మారుద్దామంటే దానికీ అదే మెజారిటీ కావాలి.

ఇలాంటి మార్పు చేసినవాళ్లు చెప్పండి: పాత సభ్యులకు ఇది వర్తించదనే హామీని సవరణలోనే ఏ మాటలతో రాశారు?