బెంగళూరులో హ్యామ్ లైసెన్సు: మా అమ్మాయికి వయసు సరిపోతుందా?

ప్రశ్న: మేము మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాము. పదమూడేళ్ల మా అమ్మాయి హ్యామ్ రేడియో (వ్యాపారం కోసం కాక అభిరుచిగా రేడియో తరంగాలపై ఇతరులతో మాట్లాడుకోవడం) మీద ఎంతో మనసు పెట్టుకుంది. ఇప్పుడే పరీక్ష రాయవచ్చా? ఈలోగా చేతి రేడియో ఒకటి కొనివ్వవచ్చా?

మొదటి సమాధానం: తప్పకుండా రాయవచ్చునండీ, 12 ఏళ్లు నిండితే చాలు. కేంద్ర టెలికాం శాఖలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగం నిర్వహించే ఈ పరీక్షలో రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులు ఉన్నాయి. రెండింటిలోనూ రేడియో సిద్ధాంతం, నిబంధనలు ఉంటాయి గానీ, జనరల్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ (అక్షరాలను పొట్టి, పొడుగు శబ్దాలుగా పంపే సంకేత పద్ధతి) పంపడం, అందుకోవడం కూడా రావాలి. మోర్స్‌ను చెవితో నేర్పించండి. చుక్కలూ గీతలూ కాగితం మీద బట్టీపట్టినవారు వేగం పెరగగానే తడబడతారు. రేడియో మాత్రం లైసెన్సు వచ్చాకే కొనండి.

రెండవ సమాధానం: పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఉత్తీర్ణురాలైన తరువాత కూడా, పౌనఃపున్యం ఖాళీగా ఉందో లేదో విని, ఎవరైనా వాడుతున్నారా అని అడిగి, తన కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) చెప్పి మాట్లాడే అలవాటు మొదటి రోజు నుంచే చేయించండి. వ్యాపార సంభాషణలకూ, పాటల ప్రసారానికీ ఇక్కడ తావు లేదు. రిపీటర్ (సంకేతాన్ని అందుకుని మరింత దూరం తిరిగి పంపే కేంద్రం) మీద ఒకరు ముగించాక క్షణం ఆగాలి, ఎందుకంటే అత్యవసర సందేశం ఉన్నవారికి ఆ విరామమే దారి. మేడ మీద యాంటెన్నాకు అపార్ట్‌మెంటు సంఘం అనుమతి ముందే అడగండి.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలండీ. మోర్స్ సాధన ఈ రాత్రి నుంచే మొదలుపెడతాము.