రూట్ చేసిన పోకో ఎఫ్1: కర్నెల్ మార్చినా బ్యాటరీ నిలవడం లేదు, ఏ సెట్టింగ్స్ పెట్టాలి?

కోల్డ్‌స్టోరేజ్_శీను:

అందరికీ నమస్తే. నాది పోకో ఎఫ్1, 6 జీబీ ర్యామ్. పాత సాఫ్ట్‌వేర్ తీసేసి లీనియేజ్ ఓఎస్ వేసుకున్నా, మ్యాజిస్క్ అనే టూల్‌తో రూట్ చేసి ఉంది, అంటే సిస్టమ్ లోపలివి కూడా మార్చుకోవచ్చు. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో పని. ఎవరి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ ఛాంబర్‌లో ఎన్ని దిగాయో రాసుకోవడం, వ్యాపారులకు వాట్సాప్‌లో ఫొటోలు పంపడం, రోజంతా ఫోన్లు. గేమ్స్ ఆడను.

పొద్దున 7కి 100 ఉంటే మధ్యాహ్నం 3కల్లా 20కి వచ్చేస్తోంది. రాత్రి కూడా అంతే. 11కి 80 దగ్గర పెట్టి పడుకుంటే పొద్దున 58. బ్యాటరీ బాగా వస్తుందన్నారని కస్టమ్ కర్నెల్ (ఫోన్ హార్డ్‌వేర్‌ని నడిపే అసలు సాఫ్ట్‌వేర్, బయటివాళ్ళు మార్చి రాసింది) వేశాను, తేడా లేదు. ఇంకోటి వేశాను, అదీ అంతే. కర్నెల్ మేనేజర్ యాప్‌లో గవర్నర్‌ని (ప్రాసెసర్ వేగం ఎంతుండాలో తేల్చేది) పవర్‌సేవ్‌లో పెడితే ఫోన్ నత్తలా అయింది కానీ బ్యాటరీ మాత్రం మిగల్లేదు. డార్క్ థీమ్, నల్ల వాల్‌పేపర్ కూడా పెట్టా.

ఏ కర్నెల్ వేయాలి, గవర్నర్ ఏది, ఫ్రీక్వెన్సీలు ఎంత పెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి అన్నా.

టర్బో_తేజ:

బ్రో, ప్రాసెసర్‌లో వేగంగా నడిచే పెద్ద కోర్లు నాలుగూ ఆఫ్ చేసేయ్. అండర్‌వోల్ట్ కూడా చేయ్, అంటే దానికి వెళ్ళే వోల్టేజ్ తగ్గించు. నా పాత ఫోన్‌లో అలానే చేశా, రెండు రోజులు వచ్చేది.

బూట్‌లూప్_బాబాయ్:

శీనూ, ఇంకో కర్నెల్ జిప్ డౌన్‌లోడ్ చేస్తుంటే ముందు అది ఆపు. కరెంటు ఎక్కడ పోతోందో చూడకుండా కర్నెల్ మారిస్తే లాటరీ టికెట్ కొన్నట్టే.

ముందు పవర్‌సేవ్ సంగతి. ఆ గవర్నర్‌కి తెలివితేటలేం లేవు. ప్రాసెసర్‌ని దాని కనీస వేగం దగ్గర కట్టిపడేస్తుంది. నీ ఫోన్ ప్రాసెసర్ స్నాప్‌డ్రాగన్ 845లో చిన్న కోర్లకు ఆ కనీసం 300 మెగాహెర్ట్జ్. వాట్సాప్‌లో ఫొటో తెరవడానికి అర సెకను పట్టేది మూడు సెకన్లు పడుతుంది, ఆ మూడు సెకన్లూ స్క్రీన్ వెలుగుతూ, ర్యామ్ తిరుగుతూ, నెట్ నడుస్తూనే ఉంటాయి. మొద్దు కత్తిపీటతో కూరగాయలు తరుగుతూ అంతసేపూ స్టవ్ మంట వదిలేసినట్టు. పని గబగబా ముగించి నిద్రపోయే ఫోనే తక్కువ తింటుంది. స్కెడ్‌యుటిల్‌కి మార్చేయ్. షెడ్యూలర్ లెక్కగట్టిన లోడ్‌ని బట్టి వేగం ఎంచుకునే గవర్నర్ అది, నీ ఫోన్‌కి సరిపోయేదీ అదే.

డార్క్ థీమ్ నీ కళ్ళకు హాయి, అంతే. పోకో ఎఫ్1ది ఎల్‌సీడీ. వెనక బ్యాక్‌లైట్ మొత్తం ఒకేలా వెలుగుతుంది, ముందు బొమ్మ నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా. నల్ల వాల్‌పేపర్‌తో కరెంటు మిగిలేది ప్రతి చుక్కా సొంతంగా వెలిగే ఆమోలెడ్‌లోనే. నువ్వు బ్రైట్‌నెస్ తగ్గించు, అది నిజంగా పనిచేస్తుంది.

తేజా, పెద్ద కోర్లు పూర్తిగా ఆపితే కాల్ వచ్చినప్పుడు స్క్రీన్ రావడానికే తడబడుతుంది, ఆ కుర్రాడి పనే కాల్స్. దానికంటే పెద్ద కోర్ల గరిష్ఠ వేగం 2.8 గిగాహెర్ట్జ్ నుంచి సుమారు 2కి దించితే చాలు. కారణం ఏంటంటే, వేగం పెరిగే కొద్దీ వోల్టేజ్ కూడా పెరగాలి, కరెంటు ఖర్చు ఆ వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఎగబాకుతుంది. కాబట్టి పైన చివర్లో ఉండే ఆ కొంచెం వేగమే అన్నిటికంటే ఖరీదైనది. శీనూ, దాన్ని కోసేస్తే వాట్సాప్‌లో నీకు తేడా కూడా తెలియదు. అలాగే ఇన్‌పుట్ బూస్ట్ అని ఉంటుంది చూడు, స్క్రీన్ ముట్టుకున్న ప్రతిసారీ వేగాన్ని పైకి తోసేది. కొన్ని కస్టమ్ కర్నెల్స్‌లో ఫోన్ చకచకా కదలాలని దాన్ని మరీ ఎక్కువ పెడతారు. తగ్గించు.

ఇవన్నీ స్క్రీన్ వెలుగుతున్నప్పటి మాట, లాభం కూడా అంతంతమాత్రమే. నీ అసలు జబ్బు రాత్రి కనపడుతోంది. ఎవరూ ముట్టుకోని ఫోన్ ఎనిమిది గంటల్లో 22 శాతం తాగిందంటే అది నిద్రపోవడం లేదు. బాగున్న ఫోన్ స్క్రీన్ ఆపి పెడితే గంటకు ఒక శాతం కూడా పోకూడదు.

బెటర్‌బ్యాటరీస్టాట్స్ అనే యాప్ వేసి రూట్ పర్మిషన్ ఇవ్వు. రాత్రి పడుకునే ముందు కస్టమ్ రిఫరెన్స్ (లెక్క మొదలయ్యే గుర్తు) పెట్టి, పొద్దున లేవగానే మూడు చూడు: డీప్ స్లీప్, అంటే ప్రాసెసర్ పూర్తిగా పడుకున్న సమయం, ఎంత శాతం, కర్నెల్ వేక్‌లాక్స్‌లో (ఫోన్‌ని నిద్రపోనివ్వనివి) పైన ఏముంది, యాప్‌లు పట్టుకునే పార్షియల్ వేక్‌లాక్స్‌లో పైన ఏ యాప్ ఉంది. దాంతో పాటు రూట్ ఫైల్ మేనేజర్‌లో సిస్, క్లాస్, పవర్ సప్లై, బీఎంఎస్ వరుసలో వెళ్తే చార్జ్ ఫుల్, చార్జ్ ఫుల్ డిజైన్ అని రెండు ఫైళ్ళుంటాయి. ఆ రెండు అంకెలూ ఇక్కడ పెట్టు. అప్పుడు మాట్లాడదాం.

అర్ధరాత్రి_బిల్డ్:

బాబాయ్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు, తేజ గారి అండర్‌వోల్ట్ గురించి. నెక్సస్ 5 కాలంలో కర్నెల్‌లో వోల్టేజ్ టేబుల్ ఉండేది, ఎవరైనా 50 మిల్లీవోల్టులు తగ్గించుకునేవారు. 845లో సీపీయూ వేగం, వోల్టేజ్ రెండూ ఓఎస్ఎం అనే హార్డ్‌వేర్ భాగం చేతిలో ఉంటాయి. కర్నెల్ 'ఈ వేగం కావాలి' అని అడుగుతుంది, దానికెంత వోల్టేజ్ ఇవ్వాలో అది చూసుకుంటుంది. అందుకే ఈ ఫోన్‌కి సీపీయూ అండర్‌వోల్ట్ స్లైడర్ చూపించే యాప్ ఏదైనా ఉంటే ఆ స్లైడర్ దేనికీ తగిలించి ఉండదు.

శీను గారూ, ఏ కర్నెల్ వేసే ముందైనా ఇప్పుడున్న బూట్ ఇమేజ్ (కర్నెల్ ఉండే ఫైల్), డీటీబీవో (హార్డ్‌వేర్ వివరాల ఫైల్) రెండూ కంప్యూటర్‌లో దాచుకోండి. బూట్‌లూప్ అయితే, అంటే ఫోన్ పూర్తిగా తెరుచుకోకుండా మళ్ళీ మళ్ళీ మొదలవుతుంటే, కేబుల్‌తో కంప్యూటర్ నుంచి ఫైళ్ళు వేసే ఫాస్ట్‌బూట్‌లో అవి తిరిగి వేస్తే ఐదు నిమిషాల పని.

కోల్డ్‌స్టోరేజ్_శీను:

బాబాయ్, చెప్పినట్టే చేశా. డీప్ స్లీప్ 41 శాతమే. కర్నెల్ వేక్‌లాక్స్‌లో మొట్టమొదట క్యూకామ్ ఆర్ఎక్స్ వేక్‌లాక్, దాని కింద డబ్ల్యూలాన్ అని ఉంది. పార్షియల్‌లో పెద్దగా ఏమీ లేదు. చార్జ్ ఫుల్ 29 లక్షల చిల్లర చూపిస్తోంది, డిజైన్ 40 లక్షలు.

రాత్రి ఇంట్లో వైఫై ఆన్‌లోనే ఉంటుంది. పగలు స్టోరేజ్‌లో మొబైల్ డేటా. లోపల సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప.

బూట్‌లూప్_బాబాయ్:

ఇదిగో, ఇప్పుడు దొంగలు దొరికారు. ముగ్గురున్నారు, అందులో కర్నెల్ పట్టుకోగలిగింది ఒక్కణ్ణే.

రాత్రి దొంగ వైఫై. నువ్వు చెప్పిన రెండు వేక్‌లాక్‌లూ వైఫై డ్రైవర్‌వి. ఇంట్లో స్మార్ట్ టీవీయో సెట్‌టాప్ బాక్సో నెట్‌వర్క్‌లో 'నేనున్నా, ఎవరున్నారు' అని అందరికీ మల్టీకాస్ట్ ప్యాకెట్లు పంపుతూ ఉంటుంది. ఆ ప్యాకెట్ నీ ఫోన్‌కి తగిలిన ప్రతిసారీ ప్రాసెసర్ లేచి కూర్చుంటుంది. రాత్రి పడుకునే ముందు ఆ టీవీని ప్లగ్ దగ్గర ఆపేసి ఒకసారి చూడు. డీప్ స్లీప్ 90 దాటిందంటే దొంగ అదే.

టీవీ ఆపడం ఇంట్లో కుదరదంటే అప్పుడు కర్నెల్ పని. బోఫ్లా వేక్‌లాక్ బ్లాకర్ ఉన్న కర్నెల్ ఎంచుకో. నువ్వు వేసుకున్న లీనియేజ్‌కీ ఆండ్రాయిడ్ వెర్షన్‌కీ సరిపోయేది మాత్రమే. అందులో ఈ రెండు పేర్లనే చేర్చు. జాబితాలో కనపడ్డవన్నీ బ్లాక్ చేసేవాళ్ళున్నారు, అలారంటైమర్‌ని కూడా బ్లాక్ చేసి పొద్దున అలారం మోగలేదని ఇక్కడికే వచ్చి ఏడుస్తారు. వైఫైవి బ్లాక్ చేసినా ఒకటి గుర్తుంచుకో, రాత్రి వాట్సాప్ మెసేజ్‌లు కొంచెం ఆలస్యంగా రావచ్చు. కాల్ మాత్రం సిమ్ మీద వస్తుంది కాబట్టి దానికి ఢోకా లేదు.

పగటి దొంగ నీ కోల్డ్ స్టోరేజే. గోడలకు పఫ్ ప్యానెళ్ళే కదా? అటూ ఇటూ రేకు, మధ్యలో నురుగు. ఆ రేకు సిగ్నల్‌ని లోపలికి రానివ్వదు. టవర్ అందనప్పుడు మోడెమ్ తన గొంతు చించుకుని గరిష్ఠ పవర్‌తో పంపుతుంది, అదీ కుదరకపోతే నెట్‌వర్క్ కోసం వెతుకుతూనే ఉంటుంది. రెండు సిమ్‌లు వేస్తే రెండిటికీ ఇదే గొడవ. మోడెమ్ నడిచేది దాని సొంత ఫర్మ్‌వేర్ మీద. నువ్వు ఏ కర్నెల్ వేసినా అది నీ మాట వినదు. టెర్మినల్‌లో డంప్‌సిస్ బ్యాటరీస్టాట్స్ కొట్టి ఫోన్ సిగ్నల్ లెవెల్స్ అన్న వరుస చూడు, ఎంతసేపు సిగ్నల్ లేకుండా గడిపిందో అదే చెబుతుంది.

దీనికి మందు: ఛాంబర్‌లోకి వెళ్ళేటప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్. బయట ఆఫీసు గదిలో వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకో, లీనియేజ్‌లో నీ సిమ్‌కి పనిచేస్తే అదృష్టమే. రెండో సిమ్ వాడకపోతే సెట్టింగ్స్‌లో ఆపేయ్.

మూడోది బ్యాటరీ ముసలితనం. ఆ అంకెలు మైక్రో ఆంపియర్ గంటల్లో ఉంటాయి. మిల్లీ ఆంపియర్ గంటల్లో చెప్పాలంటే, 4000 పట్టాల్సిన డబ్బా ఇప్పుడు 2900 పడుతోంది, అంటే పావు వంతు పైగా అరిగిపోయింది. 2018లో వచ్చిన ఫోన్‌కి ఇది వింతేం కాదు. చల్లటి ఛాంబర్‌లో లోపలి రెసిస్టెన్స్ పెరిగి ఇంకా తొందరగా పడిపోయినట్టు కనిపిస్తుంది కూడా. బీఎం4ఈ అన్న మోడల్ బ్యాటరీ అడుగు. అదే సైజులో 5000 అని స్టిక్కర్ వేసినది ఎవడైనా ఇస్తే నమస్కారం పెట్టి వచ్చేయ్. ఫింగర్‌ప్రింట్ సెన్సార్ వెనక మూత మీద ఉంటుంది, దాని తీగ లోపల బోర్డుకి వెళ్తుంది. విప్పేవాడికి ఆ తీగ జాగ్రత్త అని ముందే చెప్పు, ఒక్క ఊపున లాగారంటే వేలిముద్ర ఇక మర్చిపో. కొత్తది వేశాక మ్యాజిస్క్‌లో చార్జింగ్‌ని అదుపు చేసే ఏసీసీ మాడ్యూల్ పెట్టి చార్జింగ్ 80 దగ్గర ఆగేలా చేసుకో. రూట్ చేసినందుకు నిజంగా పనికొచ్చే ముచ్చట అదొక్కటే అని నేనంటా, తేజ ఒప్పుకోడు.

టర్బో_తేజ:

ఒప్పుకోను 😄 కానీ స్కెడ్‌యుటిల్, 2 గిగాహెర్ట్జ్ చూశా బాబాయ్, ఫోన్ వేడెక్కడం తగ్గింది.

కోల్డ్‌స్టోరేజ్_శీను:

టీవీ ప్లగ్ తీసి పడుకున్నా. రాత్రికి 5 శాతమే పోయింది, డీప్ స్లీప్ 93! మా నాన్నేమో టీవీ ఎందుకు ఆపావని గొడవ, అందుకే బ్లాకర్ ఉన్న కర్నెల్ చూస్తున్నా. బూట్ ఇమేజ్, డీటీబీవో దాచుకున్నా అర్ధరాత్రి గారూ. పగలు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడుతుంటే సాయంత్రం 5కి 34 ఉంటోంది. బ్యాటరీ ఈ నెల జీతం వచ్చాక.

ఇంకొక్కటి బాబాయ్. బ్యాంక్ యాప్ రూట్ ఉందని తెరుచుకోవట్లేదు. మ్యాజిస్క్‌లో యాప్‌ల నుంచి రూట్ దాచే డినైలిస్ట్‌లో పెట్టినా అంతే. దానికేమైనా మాడ్యూల్ ఉందా?

బూట్‌లూప్_బాబాయ్:

ఉంటాయి. ఈరోజు పనిచేస్తాయి, ఫోన్‌ని మార్చారా అని గూగుల్ చేసే పరీక్ష మారిన రోజు ఆగిపోతాయి, మళ్ళీ కొత్త మాడ్యూల్ వెతుక్కోవాలి. డబ్బు సంగతి కాబట్టి నేనైతే బ్యాంక్ యాప్‌ని రూట్ లేని ఇంకో ఫోన్‌లో పెట్టుకుంటా. మాడ్యూలే కావాలంటే దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ అడుగు. కొత్త బ్యాటరీ వేశాక చార్జ్ ఫుల్ ఎంత చూపిస్తోందో మాత్రం ఇక్కడే రాయి.