ఇంట్లో రోజువారీ పనికి 1,500 రూపాయల లోపు కీబోర్డు, మౌస్: ఏవి తీసుకోవాలి?

మున్నేరు:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటరుకు కొత్త కీబోర్డు, మౌస్ కొనాలి. రెండూ కలిపి 1,500 రూపాయలు దాటకూడదు. ఈ కంప్యూటరును ముగ్గురం వాడతాం. నేను రాత్రిపూట మా అన్నయ్య ఎరువుల దుకాణం లెక్కలు రాస్తాను కాబట్టి కుడి వైపున అంకెల మీటలు తప్పనిసరిగా ఉండాలి. తెలుగు ఉపాధ్యాయురాలైన మా శ్రీమతి ప్రశ్నపత్రాలను ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రభుత్వం నిర్ణయించిన మీటల అమరిక) పద్ధతిలో, కీబోర్డు వైపు చూడకుండానే టైపు చేస్తుంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే వెతుక్కుంటూ ఒంటి వేలితో కొడుతుంది.

రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో 900 రూపాయలు పెట్టి ఒక వైర్‌లెస్ జత కొన్నాను. ఏడాది తిరక్కుండానే డి, ఇ అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి. విచిత్రమేమిటంటే, ఇ పక్కనే ఉన్న క్యూ, డబ్ల్యూ అక్షరాలు కొన్ననాటిలాగే ఉన్నాయి. మా శ్రీమతికి దానివల్ల ఇబ్బంది లేదు గాని, అమ్మాయి ఇప్పటికీ డి ఎక్కడుందని అడుగుతూనే ఉంటుంది. ఇక మౌస్ అయితే, ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్లు ఫైలు తెరుచుకుంటోంది. అప్పుడప్పుడూ తెర మీద బాణం గుర్తు ఆగి ఆగి కదులుతుంది కూడా. మళ్లీ అలాంటి జతే కొనాలా, విడివిడిగా కొనాలా? కంప్యూటరు ఉన్న గదిలోనే అమ్మాయి నిద్రపోతుంది కాబట్టి టకటకమనే చప్పుడు ఎక్కువగా ఉండకూడదు.

ఒత్తక్షరం:

మున్నేరు గారూ, మీ కీబోర్డులో డి, ఇ అక్షరాలే ముందుగా చెరిగిపోవడంలో విచిత్రమేమీ లేదండి. అది మీ శ్రీమతి గారి వేళ్ల జాడ. ఇన్‌స్క్రిప్ట్‌లో డి మీట మీద పొల్లు, ఇ మీట మీద దీర్ఘం ఉంటాయి. తెలుగులో ఏ ఒత్తు రాయాలన్నా ముందు పొల్లు కొట్టక తప్పదు. ‘ప్రశ్నపత్రం’ అనే ఒక్క మాటనే తీసుకోండి: ప, పొల్లు, ర, శ, పొల్లు, న, ప, త, పొల్లు, ర, సున్న. మొత్తం 11 సార్లు మీటలు నొక్కితే అందులో 3 సార్లు డి మీదే దెబ్బ పడుతుంది. క్యూ మీదున్న ఔత్వం, డబ్ల్యూ మీదున్న ఐత్వం ఒక పేజీలో ఎన్నిసార్లు వస్తాయో చూసుకుంటే మీ సందేహం తీరిపోతుంది.

నేను ఇరవై ఏళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. నా సలహా ఏమిటంటే, జతగా కొనకండి, విడివిడిగా, వైరు ఉన్నవే తీసుకోండి. జతల్లో సాధారణంగా ఏదో ఒకటి నాసిగా ఉంటుంది. ఒకటి పాడైతే రెండోది బాగున్నా జత చెడుతుంది. కీబోర్డుకు 600 నుంచి 800 రూపాయలు, మౌస్‌కు 300 నుంచి 400 రూపాయలు అనుకుంటే మీ లెక్కలో ఇంకా మిగులుతుంది. ఆ ధరలో లాజిటెక్ కె120, డెల్ కేబీ216 రెండూ చాలా ఆఫీసుల్లో కనిపించేవే. రెండింటిలోనూ అంకెల మీటలు ఉన్నాయి. నా చేతికి మాత్రం కె120 బాగా పడుతుంది, ఎందుకంటే దాని మీటలు పాతకాలపు కీబోర్డుల్లాగా కాస్త ఎత్తుగా, మధ్యలో గుంటగా ఉంటాయి. కేబీ216 మీటలు ల్యాప్‌టాప్ మీటల తీరులో చదునుగా ఉంటాయి. ఇది ఎవరి వేళ్ల అలవాటు వారిది.

దుకాణంలో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఎడమ వైపు షిఫ్టు మీట పూర్తి పొడవు ఉందా లేదా అనేది. ఇన్‌స్క్రిప్ట్‌లో హల్లులు చాలావరకు కుడి చేతి కింద ఉంటాయి. ఖ, ధ, భ, శ, ష వంటివి రావాలంటే కుడి చేత్తో అక్షరాన్ని నొక్కుతూ ఎడమ చిటికెన వేలితో షిఫ్టును పట్టుకోవాలి. బ్రిటిష్ అమరికతో వచ్చే కొన్ని కీబోర్డుల్లో ఎడమ షిఫ్టును సగానికి కోసి, దానికీ జడ్‌కూ మధ్య ఇంకో మీటను ఇరికిస్తారు. ఇంగ్లీషు కొట్టేవారికి అది పెద్దగా తెలియదు గాని, తెలుగు కొట్టేవారికి రోజుకు వంద తప్పులు పడతాయి. రెండోది, డి మీటను మధ్యలో కాకుండా ఒక మూల నొక్కి చూడండి. అది ఇరుక్కోకుండా లోపలికి దిగి వెంటనే పైకి రావాలి. మూడోది, అక్షరాన్ని గోరుతో తడమండి. పైకి తేలినట్లు తగిలితే అది పైపైన వేసిన అచ్చు, మీ అమ్మాయికి మళ్లీ అదే బాధ తప్పదు.

తెలుగు అక్షరాల స్టిక్కర్లు అతికించమని ఎవరైనా చెబితే వినకండి. ఎండాకాలంలో వాటి జిగురు కారి మీటల సందుల్లోకి దిగుతుంది. మీ ఇంట్లో వాటి అవసరం ఎవరికీ లేదు కూడా.

వైరులేనివాడు:

ఒత్తక్షరం గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, వైర్‌లెస్ అనగానే నాసిరకం అనుకోవడం సరికాదని నా అభిప్రాయం. మున్నేరు గారు చెప్పిన ‘ఆగి ఆగి కదలడం’ మౌస్ తప్పు కాకపోవచ్చు. మౌస్ సంకేతాలను అందుకునే ఆ చిన్న రిసీవరును కంప్యూటరు వెనుక నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో గానీ, దాని పక్కన గానీ పెట్టి, అక్కడే బయటి హార్డ్ డిస్కు కూడా తగిలించి ఉన్నారేమో చూడండి. యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి సంకేతాలకు అడ్డుపడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. రిసీవరును ముందు వైపు పోర్టుకు మార్చినా, చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదికి తెచ్చినా చాలాసార్లు ఆ ఇబ్బంది తీరిపోతుంది.

ఇంతా చెప్పి, మీ ఇంటికి మాత్రం వైరు ఉన్నదే మేలంటాను. బల్ల దగ్గర నుంచి కదలని కంప్యూటరుకు బ్యాటరీలు మార్చుకుంటూ కూర్చోవడం దండగ.

టంకం:

మౌస్ గురించి నేను చెబుతాను, మరమ్మతులే నా వృత్తి. ఒక నొక్కుడు రెండుగా పడటానికి కారణం సాధారణంగా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి విండోస్ సెట్టింగులతో కుస్తీ పట్టకండి. ఎడమ బటన్ కింద చిన్న బొడిపె ఉన్న మైక్రోస్విచ్ ఉంటుంది. దాని లోపల వంపు తిరిగిన సన్నని రాగి రేకు ఒకటి ఉంటుంది. వాడగా వాడగా దాని బిగువు తగ్గి, ఒక్క నొక్కుకే రెండు మూడుసార్లు తగిలి వదులుతుంది. స్విచ్ మారిస్తే మౌస్ మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది. కాకపోతే 300 రూపాయల మౌస్‌కు మరమ్మతు చేయించడం గిట్టుబాటు కాదు. ఈ మాట నేనే చెప్పుకోవడం బాగుండదు, అయినా నిజం.

కొనేటప్పుడు డీపీఐ అంకెలకు మోసపోకండి. 1,000 డీపీఐ అంటే మౌస్‌ను ఒక అంగుళం జరిపితే బాణం సుమారు 1,000 చుక్కలు కదులుతుందని అర్థం. 1,920 చుక్కల వెడల్పున్న మామూలు తెరను ఆ చివర నుంచి ఈ చివరకు దాటడానికి రెండు అంగుళాల కదలిక చాలు. లెక్కలకూ, ప్రశ్నపత్రాలకూ అంతకన్నా అక్కర్లేదు. డెల్ ఎంఎస్116, లాజిటెక్ బి100 వంటివి సరిపోతాయి. కొనే ముందు మౌస్‌ను పట్టుకుని అరచేయి బల్లకు ఆనుతుందో లేదో చూడండి. మణికట్టు గాలిలో వేలాడితే ఆ మౌస్ మీ చేతికి సరిపోదన్నమాట. చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే ఒక్కో మెట్టూ వేలికి తెలియాలి. మీ బల్ల మీద అద్దం ఉంటే కింద ఒక గుడ్డ ప్యాడ్ తప్పదు, ఎందుకంటే ఈ మౌస్‌లు కింది తలం మీది గరుకును చూసి కదలికను లెక్కిస్తాయి, అద్దంలో వాటికి ఏమీ కనిపించదు.

మున్నేరు:

అందరికీ కృతజ్ఞతలు. వైరులేనివాడు గారూ, హార్డ్ డిస్కు వైరు పక్కనే రిసీవరు ఉన్న మాట నిజమే. ముందు వైపుకు మార్చగానే బాణం నిలకడగా కదులుతోంది. ఇంకో రెండు సందేహాలు. మా పాత ఆఫీసులో టీవీఎస్ గోల్డ్ కీబోర్డు ఉండేది, దాని మీద కొడితే వేళ్లు నొప్పి పుట్టేవి కావు. అలాంటిది ఇంటికి తెస్తే బాగుంటుందా? రూపాయి గుర్తు అచ్చు వేసి లేని కీబోర్డులో ఆ గుర్తు రాదా?

ఒత్తక్షరం:

టీవీఎస్ గోల్డ్ పేరెత్తగానే నా వేళ్లు కదిలాయి. దానిలో ప్రతి మీట కిందా విడిగా స్ప్రింగు ఉన్న స్విచ్ ఉంటుంది కాబట్టి మీట అడుగు దాకా దిగకముందే అక్షరం పడుతుంది. మనం మాట్లాడుకుంటున్న 700 రూపాయల కీబోర్డులో మీట కింద ఉండేది రబ్బరు బుడిపె; అది పూర్తిగా అణిగి, కింది ప్లాస్టిక్ పొరలు రెండూ కలిసినప్పుడే అక్షరం పడుతుంది, అందుకే వేళ్లకు శ్రమ. కాని గోల్డ్ మీ 1,500లో రాదు, వచ్చినా మీ అమ్మాయిని నిద్రపోనివ్వదు. ఆ స్విచ్‌ల చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది.

రూపాయి గుర్తు 2010లో వచ్చింది. కీబోర్డు మీద అది అచ్చు వేసి ఉందా లేదా అనే దానితో పనిలేదు. విండోస్‌లో ఇంగ్లీషు (ఇండియా) కీబోర్డును ఎంచుకుని, కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే చాలు.

మున్నేరు:

నిన్న ఊళ్లోని దుకాణానికి ముగ్గురం వెళ్లాం. మా శ్రీమతి కళ్లు మూసుకుని ఒక్కో కీబోర్డు మీద ‘ప్రశ్నపత్రం’ కొట్టి చూసింది. ఒకదానిలో ఎఫ్, జె మీటల మీది గీతలు వేళ్లకు తగలనే లేదని పక్కన పెట్టింది, ఇంకొకదానికి ఎడమ షిఫ్టు పొట్టిగా ఉంది. చివరికి కె120 తీసుకున్నాం. మౌస్ ఎంఎస్116. రెండూ కలిపి 1,070 రూపాయలు అయ్యాయి, బిల్లు మీద తేదీ వేయించాను. మా బల్ల మీద అద్దం ఉన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది; ప్రస్తుతానికి ఒక పాత నోటుపుస్తకం అట్ట మీద మౌస్ నడుస్తోంది.