పెరోల్ బోర్డు సభ్యులందరినీ గవర్నరే వేయడం సరైనదేనా? జార్జియా పద్ధతిపై చర్చ

చట్టం చదువరి:
అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పెరోల్ (అంటే శిక్ష పూర్తికాకముందే షరతులతో విడుదల) ఇచ్చేదీ, క్షమాభిక్ష పెట్టేదీ, మరణశిక్షను తగ్గించేదీ ఒకే బోర్డు. సభ్యులు అయిదుగురు. గవర్నర్ నియమిస్తారు, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి. పదవీకాలం ఏడేళ్లు, అందరిదీ ఒకేసారి ముగియదు. నియామకం అయ్యాక గవర్నర్‌కు ఆ ఫైళ్లలో జోక్యం లేదు. బోర్డు ఇచ్చిన పెరోల్‌ను ఆపలేరు, నిరాకరించినదాన్ని ఇవ్వలేరు.

ఇదే మంచి పద్ధతి అని నా వాదన. 1937-41 మధ్య గవర్నర్‌గా ఉన్న ఇ.డి. రివర్స్ హయాంలో క్షమాభిక్షలు అమ్ముడుపోతున్నాయని పెద్ద దుమారం రేగింది. 1943లో ఎల్లిస్ ఆర్నాల్ గవర్నర్‌ అయ్యాక రాజ్యాంగ సవరణతో ఆ అధికారాన్ని బోర్డుకు అప్పగించారు. కాలిఫోర్నియా చూడండి. 1988 నుంచి హత్య కేసుల్లో బోర్డు ఇచ్చిన పెరోల్‌ను గవర్నర్ కొట్టేయవచ్చు. రాబర్ట్ కెనెడీ హంతకుడు సిర్హాన్‌కు 2021 ఆగస్టులో పెరోల్ సిఫారసు చేస్తే, 2022 జనవరిలో గవర్నర్ న్యూసమ్ తోసిపుచ్చారు. ఎన్నికల్లో నిలబడాల్సిన మనిషి చేతిలో అలాంటి కలం ఉండకూడదు.

గట్టు మీద:
చదువరి గారూ, ఏడేళ్ల లెక్క కాగితం మీద బాగానే ఉంది. జార్జియా గవర్నర్ వరుసగా రెండుసార్లు, అంటే ఎనిమిదేళ్లు ఉండవచ్చు. ఏడు కంటే ఎనిమిది ఎక్కువ! రెండో విడత ముగిసేసరికి అయిదు కుర్చీల్లోనూ ఆయన వేసినవాళ్లే ఉంటారు. 2003 నుంచి గవర్నర్ పదవి ఒకే పార్టీ చేతిలో ఉంది, సెనేట్ కూడా అంతే. ఇక ఆ ఆమోదం తనిఖీ ఎలా అవుతుంది? పైగా సభ్యుడికి ఫలానా అర్హత ఉండాలని అక్కడి రాజ్యాంగం అడగదు.

ఓక్లహోమా నయం. అక్కడా అయిదుగురే, కానీ గవర్నర్ వేసేది ముగ్గురిని. ఒకరిని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఇంకొకరిని క్రిమినల్ అప్పీళ్ల కోర్టు ప్రిసైడింగ్ జడ్జి వేస్తారు.

చట్టం చదువరి:
నయమా? హింసాత్మక నేరాల కేసుల్లో అక్కడి బోర్డు సిఫారసు మాత్రమే చేస్తుంది, సంతకం గవర్నర్‌దే. మిగతా నేరాలకు 2012 ఓటింగ్‌లో ప్రజలు గవర్నర్‌ను తప్పించారు, అంతవరకు మెరుగే. మరణశిక్ష పడ్డ జూలియస్ జోన్స్ కేసులో 2021 నవంబర్ 1న బోర్డు 3-1తో శిక్ష తగ్గించమంది. గవర్నర్ స్టిట్ శిక్ష అమలుకు కొన్ని గంటల ముందు వరకూ తేల్చలేదు. చివరికి పెరోల్ లేని యావజ్జీవంగా మార్చారు. ముగ్గురు వేర్వేరు పెద్దలు నియమించి ప్రయోజనం ఏముంది?

ఫైలు నంబరు:
ఇద్దరూ నియామకం దగ్గరే ఆగిపోయారు. జార్జియాలో ఖైదీని దెబ్బతీసేది బోర్డు పనిచేసే తీరు.

పెరోల్‌కు అక్కడ విచారణ ఉండదు. ఫైలు ఒక సభ్యుడి నుంచి ఇంకొకరికి వెళ్తుంది, ఎవరి ఓటు వారు విడిగా వేస్తారు. మూడు ఓట్లు ఒకవైపు పడితే నిర్ణయం అయిపోయినట్టే. ఖైదీ వాళ్ల ముఖం చూడడు. ఫైలులో నేరం వివరాలు, జైలు క్రమశిక్షణ రికార్డు, బాధితుల లేఖలు, ప్రాసిక్యూటర్ అభిప్రాయం ఉంటాయి. చట్టం దాన్ని రాష్ట్ర రహస్యంగా ఉంచింది. వేరే ఖైదీ మీద పెట్టిన జైలు కేసు పొరపాటున ఇతని ఫైలులో చేరితే, అది ఉందని తెలిసే దారే లేదు. అందుకే బోర్డు పరిశీలనకు ముందే జైళ్ల శాఖలోని క్రమశిక్షణ రికార్డును సరిచూసుకోవాలి. బయట ఉండబోయే ఇల్లు, దొరకబోయే పని, చూసుకునే మనిషి, ఈ మూడూ రాతపూర్వకంగా పంపాలి. నోటితో చెప్పుకునే అవకాశం రాదు కదా.

జీవిత ఖైదీ విషయంలో నేరం తేదీ ముఖ్యం. తీవ్ర హింసాత్మక నేరమైతే, 1995కు ముందుదానికి ఏడేళ్ల తర్వాత మొదటి పరిశీలన. 1995 నుంచి 2006 జూన్ వరకు పద్నాలుగేళ్లు, ఆ తర్వాతివాటికి ముప్పై. ఒకసారి కాదంటే మళ్లీ చూడటానికి ఎనిమిదేళ్ల దాకా పట్టవచ్చు. ఆ గడువు మునుపు మూడేళ్లు. బోర్డు తన నిబంధన తానే మార్చుకుంది. పాత ఖైదీలకూ దాన్ని వర్తింపజేయడం దానంతట అదే రాజ్యాంగ విరుద్ధం కాదని 2000లో గార్నర్ వర్సెస్ జోన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఒక నిబంధన మార్పుతో మనిషికి అయిదేళ్లు పోవచ్చు. అది చేసింది గవర్నర్ కాదు, మీరు మెచ్చుకుంటున్న స్వతంత్ర బోర్డు.

గట్టు మీద:
జార్జియాలో మరణశిక్ష పడ్డ ట్రాయ్ డేవిస్ సంగతీ ఇంతే. 2011 సెప్టెంబర్ 20న బోర్డు క్షమాభిక్ష నిరాకరించింది, మర్నాడు మరణశిక్ష అమలైంది. ప్రపంచమంతా వేడుకున్నా గవర్నర్ ఆపలేరు. జవాబు చెప్పాల్సిన మనిషే దొరకరు.

మన దగ్గర పెరోల్ అంటే కొద్ది రోజుల విడుదల. జార్జియా బోర్డు పనికి దగ్గరైనది శిక్ష తగ్గింపు. ఆంధ్రప్రదేశ్‌లో గవర్నర్ రాజ్యాంగం 161వ అధికరణ కింద ఒక ఖైదీకి అలా ఇచ్చిన తగ్గింపును, ఏపూరు సుధాకర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఖైదీ కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట నివేదికల్లోకి ఎక్కింది మరి. కాగితాలు బయటికొచ్చాయి కాబట్టే కోర్టు పట్టుకుంది. జార్జియాలోనూ ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకో ప్రకటించాలి.

చట్టం చదువరి:
ప్రకటిస్తే ఏమవుతుందో అలబామా చెబుతుంది. అక్కడ విచారణలు బహిరంగం. బాధితులు, అటార్నీ జనరల్ ఆఫీసు వాళ్లు వచ్చి మాట్లాడతారు, ఖైదీ మాత్రం ఉండడు. 2018లో పెరోల్ మీద వచ్చిన ఒకడు ముగ్గురిని చంపాడు. 2019లో చట్టం మార్చారు, బోర్డులో మనుషులు మారారు. 2017లో సగానికి పైగా దరఖాస్తులకు పెరోల్ వస్తే, 2023 ఆర్థిక సంవత్సరానికి అది 8 శాతానికి పడిపోయింది. ఓటు బయటపడుతుందంటే కాదనడమే క్షేమం అనుకునే సభ్యులే ఎక్కువ.

ఫైలు నంబరు:
అయితే ఓట్లు గోప్యంగానే ఉంచండి. ఫైలు మాత్రం ఖైదీకి ఇవ్వండి. బాధితుల చిరునామాలు, జైల్లో సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు కొట్టేసి, ఓటింగ్‌కు మూడు నెలల ముందు ఒక ప్రతి చేతికిచ్చి, తప్పులు ఎత్తిచూపడానికి గడువు పెట్టాలి. దీనికి గవర్నర్ నియామకాధికారాన్ని ముట్టుకోనక్కర్లేదు, రాజ్యాంగ సవరణా అక్కర్లేదు. ఫైళ్లను రహస్యం చేసిన ఆ ఒక్క సెక్షన్‌ను శాసనసభ సవరిస్తే చాలు.