గొంతు నొప్పి తగ్గింది, కానీ పాప రాత్రికి రాత్రే మారిపోయింది: ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆపుకోలేక చేసిందే చేయడం) గురించి తెలిసినవాళ్లు చెప్పండి (విజయవాడ, గుంటూరు)

పటమట_అమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకి ఎనిమిదేళ్లు. దసరా సెలవులకి ముందు జ్వరం, గొంతు నొప్పి వచ్చి తగ్గిపోయాయి. ఆ తర్వాత ఒక శనివారం పొద్దున లేచి సింకు దగ్గర నిలబడింది, ఇక కదల్లేదు. మోచేతుల దాకా కడగడం, తుడుచుకోకుండా మళ్లీ కడగడం. చర్మం పగిలి మంట పుడుతున్నా ఆపదు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందకి దూరుతోంది. స్కూలు సాక్సు వేస్తే "లోపల ముల్లుంది" అని ఏడుపు. తిప్పి చూస్తే కుట్టు తప్ప ఏమీ లేదు. ఊరికే బాత్రూముకి పరిగెడుతోంది, యూరిన్ టెస్టు మాత్రం నార్మల్.

మా అత్తగారికి మడి ఎక్కువ. మొదట్లో "దానికి ఇప్పటికి శుభ్రం అబ్బింది" అని మురిసిపోయారు. ఇప్పుడు ఆవిడే దిష్టి తీసి, కొండ మీద అమ్మవారికి మొక్కుకుంటున్నారు. చూపించిన డాక్టరు గారు "సెలవుల గారాబం, స్కూలు తెరిస్తే సర్దుకుంటుంది" అన్నారు. నెట్‌లో పాండాస్ అన్న పేరు చూశాను. నిజంగా అలాంటిదొకటి ఉందా?

బ్రాడీపేట_నాన్న

ఉందండీ. మా బాబుకి అదే. మీరు రాసినదంతా చదువుతుంటే మా ఇల్లే కనిపించింది. మావాడికి చేతులు కడగడం కాదు, తిండి. అన్నంలో ఏదో కలిసిందని, గొంతులో ఇరుక్కుంటుందని ముద్ద ముట్టేవాడు కాదు. పప్పు తాలింపు వాసనకే వాంతి చేసుకునేవాడు. అసలే మిరపయార్డు ఘాటు గాలిలో పెరిగిన పిల్లాడు! బట్టలు వదులైపోయాయి. పిల్లల న్యూరాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న: "ఏ రోజు మొదలైందో చెప్పగలరా?" మేం తేదీతో సహా చెప్పాం. అప్పుడే ఆయన పెన్ను తీశారు. మీరు కూడా ఆ శనివారం తేదీ, జ్వరం వచ్చిన తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

పాప సరిగ్గా తింటోందా, నీళ్లు తాగుతోందా? అవి మానేస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నైట్_డ్యూటీ_నర్సు

పటమట అక్కా, పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో సుసాన్ స్వీడో బృందం 1998లో 50 మంది పిల్లల గురించి రాసింది. గ్రూప్ ఏ స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియాతో గొంతు ఇన్ఫెక్షన్ వచ్చాక హఠాత్తుగా ఓసీడీ గానీ, టిక్స్ (కళ్లు కొట్టుకోవడం, భుజం ఎగరేయడం లాంటి ఆపుకోలేని కదలికలు) గానీ మొదలైన పిల్లలు వాళ్లు. దానికే పాండాస్ అని పేరు పెట్టారు. దొంగని కొట్టబోయి ఇంటివాణ్ణి కొట్టినట్టు, బాక్టీరియా మీదకి వెళ్లాల్సిన యాంటీబాడీలు మెదడులో కదలికల్ని, అలవాట్లని చూసుకునే బేసల్ గాంగ్లియా అనే భాగం మీద పడతాయని వాళ్ల వాదన. తర్వాత 2012లో పాన్స్ అని ఇంకా పెద్ద గొడుగు తెచ్చారు. ఇందులో స్ట్రెప్ ఉండి తీరాలని లేదు. ఓసీడీ గానీ, తిండి బాగా మానేయడం గానీ ఒక్కసారిగా రావాలి. దాంతోపాటు ఈ ఏడింటిలో కనీసం రెండు ఉండాలి: విపరీతమైన భయం, మూడ్ మారిపోవడం, కోపం, చిన్నపిల్లల చేష్టలకి వెనక్కి వెళ్లడం, చదువు దెబ్బతినడం, శబ్దం స్పర్శ లాంటివి తట్టుకోలేకపోవడం లేదా కదలికల్లో తేడా, నిద్ర మూత్రం సమస్యలు. మీ పాప సాక్సులు, కుక్కరు, బాత్రూము అన్నీ ఆ లిస్టులోవే.

డాక్టర్లందరూ దీన్ని ఒప్పుకోరు. యాంటీబాడీల సిద్ధాంతం ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. కాబట్టి ఒకరు కొట్టిపారేశారని కుంగిపోవద్దు, ఇంకొకరు వెంటనే ఒప్పేసుకున్నారని నమ్మేయొద్దు.

ప్రజాశక్తి_నగర్_77

ఇవన్నీ ఫోన్లు చూసి వచ్చే జబ్బులు. రెండు పీకితే సర్దుకుంటారు.

బ్రాడీపేట_నాన్న

అన్నయ్యా, రాత్రంతా నిద్రపోకుండా "నేను చచ్చిపోతానా నాన్నా" అని అడిగే పిల్లాణ్ణి పీకే చెయ్యి నాకు లేదు. ఈ చర్చ మీకు పనికిరాదు, వదిలేయండి.

గుంటూరు_ల్యాబ్

పాప గొంతు నొప్పికి ఏం మందు వాడారు మేడమ్? మెడికల్ షాపులో మూడు గోళీల అజిత్రోమైసిన్ ఇచ్చారా? మా దగ్గరికి వచ్చే సగం కేసుల కథ ఇదే. యాంటీబయాటిక్ మొదలుపెట్టాక గొంతు స్వాబ్ తీస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు స్ట్రెప్ ఉందో లేదో తేల్చడం కష్టం. జ్వరం, గొంతు నొప్పి వస్తే ముందు స్వాబ్, ఆ తర్వాతే మందు. పది రోజుల పెన్సిలిన్ గానీ, అమాక్సిసిలిన్ గానీ రాస్తే నొప్పి తగ్గినా పది రోజులూ వేయాలి.

స్ట్రెప్ మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఎంతున్నాయో చూడటానికి ఏఎస్ఓ టైటర్ అని రక్తపరీక్ష రాస్తారు. 200 దాటితే రిపోర్టులో బోల్డుగా ప్రింటవుతుంది, తల్లిదండ్రులకి అక్కడే టెన్షన్. నిజానికి బడికెళ్లే పిల్లల్లో చాలామందికి అది దాటే ఉంటుంది. ఇన్ఫెక్షన్ తర్వాత వారానికో, రెండు వారాలకో పెరగడం మొదలై, మూడు నుంచి ఐదు వారాల్లో పైకెళ్లి, నెలల తరబడి అలాగే ఉండొచ్చు. ఒక్క అంకెని చూసి పాండాస్ అనలేం. కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చేసి పెరుగుతోందా అని చూస్తే కొంత అర్థం ఉంటుంది. ల్యాబ్‌వాణ్ణే చెబుతున్నా, రిపోర్టు కన్నా మీరు రాసిన తేదీలే ముఖ్యం.

కృష్ణలంక_తల్లి

నా మాట కూడా వినండి. మా అమ్మాయికి కూడా మొదట పాండాస్ అనే చెప్పారు. చేతులు కడగడం లేదు గానీ, చిరాకు, ఊరికే ఏడుపు, ఏదో ఒకటి తడుముతూ ఉండటం. కంచం తీసుకొస్తుంటే చేతిలోంచి జారిపోయేది. "నాలుక బయటపెట్టి అలాగే ఉంచమ్మా" అని డాక్టరమ్మ అంటే, ఉంచలేదు, లోపలికి లాగేసుకుంటోంది. తన రెండు వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కమన్నారు. పట్టు బిగుస్తూ, వదులవుతూ ఉంది. వెంటనే గుండెకి ఎకో తీయించారు. సిడెన్‌హామ్ కొరియా (చేతులు కాళ్లు వాటంతటవే కదిలే జబ్బు) అని తేలింది, అంటే స్ట్రెప్ గొంతు నొప్పి తర్వాత వచ్చి గుండెని దెబ్బతీసే రుమాటిక్ జ్వరంలో భాగం. వాల్వులో కొద్దిగా లీకు ఉంది. ఇప్పుడు 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, అది ఏళ్ల తరబడి.

అమెరికా సైట్లు చదివితే ఈ సంగతి పెద్దగా కనిపించదు. మన దగ్గర రుమాటిక్ జ్వరం ఇంకా పోలేదు. చేతులు కాళ్లు వాటంతటవే కదులుతున్నా, మాట తడబడుతున్నా ఎకో అడగండి. రాయించి మరీ తెచ్చుకోండి.

నైట్_డ్యూటీ_నర్సు

ఈ పోస్టుని అందరూ సేవ్ చేసుకోండి. నూటికి నూరుపాళ్లు నిజం.

హైదరాబాద్_మావయ్య

మా చుట్టాలబ్బాయికి ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) సెలైన్‌లా ఎక్కించారు, తెల్లారేసరికి మామూలైపోయాడు. మిగతావన్నీ టైమ్ వేస్ట్. అప్పు చేసైనా అదే చేయించండి.

నైట్_డ్యూటీ_నర్సు

మావయ్య గారూ, ఆ అబ్బాయి బాగుపడినందుకు సంతోషం. కానీ 1999లో వచ్చిన చిన్న ట్రయల్‌లో ఐవీఐజీ పనిచేసినట్టు కనిపించింది, 2016లో 35 మంది పిల్లలతో చేసిన ట్రయల్‌లో ఉత్తుత్తి మందుకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బాగా తీవ్రమైన కేసుల్లో స్పెషలిస్టులు ఇస్తారు, లేదనను. బరువుని బట్టి డోసు, బిల్లు లక్షల్లోకి వెళ్తుంది. అప్పు చేసైనా అనే మాట ఇక్కడ రాయొద్దు. భయంలో ఉన్న తల్లి నిజంగా పుస్తెలు తాకట్టు పెట్టేస్తుంది.

భవానీపురం_వాసు

మాది పాండాస్ కాదు, మామూలు ఓసీడీ. నెమ్మదిగా, ఏడాదిగా పెరిగింది. అయినా రాస్తున్నా, ఎందుకంటే కారణం ఏదైనా ఇంట్లో చేయాల్సిన పని ఒకటే. దాన్ని ఈఆర్‌పీ అంటారు, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయపడేదాన్ని కొంచెం కొంచెంగా ముట్టించడం, ఆ తర్వాత కడగకుండా ఉండగలిగేలా తోడుండటం. మా సైకాలజిస్టు మొదటిరోజు తలుపు గొళ్లెం ఒక్క వేలితో తాకించారు. మావాడు వేలిని గాల్లో పట్టుకుని, ఏడుస్తూ, గడియారం చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి వాడంతట వాడే ఆ వేలితో ముక్కు గోక్కున్నాడు. చూసి మా ఆవిడ ఏడ్చేసింది.

ఆ జబ్బుకి పిల్లాడే "జిడ్డుగాడు" అని పేరు పెట్టాడు. "కడుక్కోమని నేను అనడం లేదు, జిడ్డుగాడు అంటున్నాడు" అనేవాడు. అప్పట్నించీ గొడవ మాకూ వాడికీ మధ్య లేదు.

అన్నిటికన్నా కష్టమైంది "నా చెయ్యి శుభ్రంగా ఉందా అమ్మా?" అన్న ప్రశ్న. ఉంది అంటే రెండు నిమిషాలకి మళ్లీ అడుగుతాడు. మేం నేర్చుకున్న జవాబు: "ఇది జిడ్డుగాడి ప్రశ్న, నేను జవాబు చెప్పను, కానీ నీ పక్కనే కూర్చుంటా." నానమ్మ, తాతయ్య, పనమ్మాయి, అందరూ ఇదే అనాలి. ఒక్కరు మెత్తబడినా మళ్లీ మొదటికే.

పటమట_అమ్మ

వాసు గారూ, మరి సాక్సు సంగతి? బలవంతంగా వేయించాలా? అదీ ఓసీడీయేనా?

భవానీపురం_వాసు

దానికి జవాబు నా దగ్గర లేదండీ, మావాడికి ఆ ఇబ్బంది లేదు.

బ్రాడీపేట_నాన్న

మాకు ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే నిపుణురాలు) చెప్పింది: "కుట్టు గుచ్చుతోంది" అంటే అది ఒంటి బాధ, తీసేయండి. "సాక్సు నేల మీద పడింది, ఇక వేసుకోను" అంటే అది భయం, దానికి లొంగొద్దు. మేం యూనిఫాం కాలర్ ట్యాగ్ కత్తిరించేశాం, కొత్త చొక్కాని బాగా ఉతికి మెత్తబడ్డాకే వేశాం, సాక్సులు తిరగేసి తొడిగాం. మిక్సీ వేసేముందు "వేస్తున్నా" అని కేక. అంతే. కానీ కంచం మూడుసార్లు కడిగిస్తేనే తింటానంటే మాత్రం కడగలేదు. ఒక్కోసారి రెండూ కలిసిపోతాయి, ఏది ఏదో తెలియదు. అప్పుడు ఆ పూటకి వదిలేసేవాళ్లం.

మీ అత్తగారికి కూడా నెమ్మదిగా చెప్పండి. మడిలో ఉన్నప్పుడు "ముట్టుకోకు" అనే మాట కొన్నాళ్లు పాప వినకుండా చూడండి. పెద్దావిడ ఆచారాన్ని తప్పుపట్టక్కర్లేదు, పాప ఎదురుగా వద్దంతే.

తెనాలి_టీచరమ్మ

టీచరుగా ఒక మాట. పాత నోటుబుక్కులు పారేయకండి. మా క్లాసులో ఒకబ్బాయి దస్తూరి జ్వరం తర్వాత గీతలు దాటి పక్కకి ఒరిగిపోయింది, లెక్కల్లో అంకెలు ఒకదాని మీద ఒకటి. వాళ్లమ్మ జులై నోట్సు, సెప్టెంబరు నోట్సు రెండూ డాక్టరు ముందు పెట్టింది. ఎంత వివరించినా ఆ రెండు పేజీలు చెప్పినంత చెప్పలేం.

స్కూల్లో హెడ్‌మాస్టరుకి కాగితం ఇవ్వండి: అడగ్గానే బాత్రూముకి పంపాలి, బెల్లు దగ్గర కూర్చోబెట్టొద్దు, హోంవర్కు తగ్గించాలి, పిల్లల ముందు జబ్బు పేరెత్తొద్దు. డాక్టరు లెటర్ జతచేస్తే మాట్లాడకుండా ఒప్పుకుంటారు. ర్యాంకుల గొడవ ఎక్కువున్న స్కూలైతే గట్టిగా అడగాల్సి వస్తుంది.

పటమట_అమ్మ

అప్‌డేట్ ఇస్తున్నా. సూర్యారావుపేటలో పిల్లల న్యూరాలజిస్టుని కలిశాం. తేదీల కాగితం చాలాసేపు చదివారు. స్వాబ్‌లో ఏమీ రాలేదు, ముందే గోళీలు పడ్డాయి కదా. ఎకో నార్మల్. పాన్స్ అయ్యుండొచ్చు, ఖాయంగా చెప్పలేనన్నారు. నాకు ఆ మాటే నచ్చింది. కొన్నాళ్లకి వాపు తగ్గించే మందు రాసి, ఈఆర్‌పీకి సైకాలజిస్టు దగ్గరికి పంపారు. మెరుగవకపోతే బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీ క్లినిక్ ఉంది, అక్కడికి రాసిస్తానన్నారు.

ఇంకొకటి అడగాలి. తమ్ముడికి నాలుగేళ్లు, ఇద్దరూ ఒకే మంచం. వాడికి కూడా గొంతు పరీక్ష చేయించాలా?

నైట్_డ్యూటీ_నర్సు

బాగానే ఆడుకుంటుంటే అక్కర్లేదక్కా. లక్షణాలేమీ లేకుండా స్ట్రెప్‌ని గొంతులో మోసే పిల్లలు చాలామంది ఉంటారు, పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చి అనవసరంగా మందులు పడతాయి. జ్వరం, గొంతు నొప్పి వచ్చాయంటే మాత్రం అదే రోజు స్వాబ్. అక్కకి ఇంకోసారి ఇన్ఫెక్షన్ తగిలితే లక్షణాలు తిరగబెట్టే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకోండి.

పాప ఎప్పుడైనా చచ్చిపోవాలని ఉంది అంటే చిన్నపిల్ల మాటేలే అని వదిలేయొద్దు. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా ఒకరు ఆ పూట పాప పక్కనే ఉండాలి.

కృష్ణలంక_తల్లి

సైకాలజిస్టు ఎవరో, ఫీజు ఎంతో నాకు విడిగా మెసేజ్ పెట్టండి అక్కా. మా అమ్మాయికి ఇంజెక్షన్ రోజంటే ఇప్పుడు కొత్తగా భయం పట్టుకుంది.