కూరలో ఉప్పు సగం చేసినా బీపీ దిగట్లేదు, ఎక్కడ తప్పుతున్నాను?

ప్రశ్న:
నాకు 47 ఏళ్లు. రెండు నెలల క్రితం బీపీ 152/96 అని తేలింది. డాక్టరుగారు టెల్మిసార్టాన్ 40 అనే బీపీ మాత్ర రాసి, ఉప్పు తగ్గించమన్నారు. ఎంత, ఎలా అని చెప్పే తీరిక ఆయనకు లేదు, అడగాలని నాకు తట్టలేదు. ఆ రోజు నుంచే వంటలో ఉప్పు సగం. పిల్లలు "చప్పిడి తిండి" అని అలుగుతున్నారు. అయినా మిషన్ 142, 144 దగ్గరే ఆగుతోంది. బరువు తగ్గుదామని రాత్రి భోజనం కూడా మానేసి సూప్‌తో సరిపెడుతున్నాను. బావమరిది "బీపీ వాళ్లకి మంచిది" అని సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్ తెచ్చిచ్చాడు. వాడొచ్చా?

జవాబు 1:
ముందు ఆ ప్యాకెట్ పక్కన పెట్టండి. అందులో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చెడ్డదని కాదు. చైనాలో 20 వేల మందికి పైగా వాడించి చూస్తే పక్షవాతం తగ్గిందని 2021లో తేలింది. కానీ మీరు వేసుకునే టెల్మిసార్టాన్ కూడా ఒంట్లో పొటాషియం నిలిపేదే. కిడ్నీల్లో తేడా ఉంటే రెండూ కలిసి ప్రమాదం. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్ష చేయించి, డాక్టరుగారు సరేనంటేనే విప్పండి.

ఇక ఉప్పు సంగతి. తొమ్మిదేళ్లుగా నేనూ బీపీ మనిషినే. "మా ఇంట్లో ఉప్పు తక్కువేనండీ" అని ధీమాగా చెప్పేదాన్ని. ఒకసారి కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీదే పెన్నుతో తేదీ రాశాను. నలుగురం, 23 రోజుల్లో డబ్బా ఖాళీ. అంటే మనిషికి రోజుకు దాదాపు 11 గ్రాములు! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు, సుమారు ఒక టీ చెంచా. ఆ లెక్కన మా ప్యాకెట్ 50 రోజులు రావాలి. చేతి కొలత మీద నమ్మకం ఆ రోజే పోయింది నాకు.

అయితే డబ్బాలోని ఉప్పు సగం కథే. మిగతాది బ్రెడ్‌లో, సాస్‌లో, చిప్స్‌లో, ప్యాకెట్ సూప్‌లో దాక్కుంటుంది. మీ సూప్ ఇంట్లో కాచిందా, ప్యాకెట్‌దా? ప్యాకెట్‌దైతే వెనక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి 2.5తో హెచ్చించండి, ఉప్పెంతో వస్తుంది. అది ఎంత పరిమాణానికి రాశారో కూడా చూడండి, అసలు మోసం అక్కడే.

జవాబు 2:
అక్కగారు చెప్పినవన్నీ నిజమే గానీ, తీసేయడం గురించే మాట్లాడుతున్నాం. తినాల్సినవీ ఉన్నాయి. కూరగాయలు, పళ్లు, పప్పుగింజలు, ముడిధాన్యాలు, వెన్న తీసిన పాలు ఎక్కువగా ఉండే డాష్ ఆహారంతో బీపీ తగ్గుతుందని 1997లోనే చూపించారు. దానికి ఉప్పు తగ్గింపు తోడైతే, ఏ ఒక్కటి చేసినదానికన్నా ఎక్కువ దిగిందని 2001లో తేలింది. కాబట్టి రాత్రి పస్తుండటం కన్నా పళ్లెంలో సగం కూరగాయలు పెట్టుకోండి. చప్పదనానికి నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి. నాలుక కొన్ని వారాల్లో దారికొస్తుంది. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రలు వాడుతుంటే వాటిలోనూ సోడియం ఉంటుంది, చూసుకోండి. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, అరగంట ముందు నుంచి కాఫీ వద్దు. అంకెలు దిగాయని మాత్ర మీరే మానేయకండి.

అడిగినవారు:
అక్కగారూ, పట్టేశారు. చెత్తబుట్టలోంచి సూప్ కవర్ తీసి చూశాను. ఒక కప్పుకి 680 మిల్లీగ్రాముల సోడియం. నేను రోజూ రెండు కప్పులు తాగుతున్నా! అంటే 3.4 గ్రాముల ఉప్పు, అదీ "ఆరోగ్యం కోసం". కూరలో సగం చేసి పిల్లల చేత తిట్లు తిన్నది దీనికా? ఇవాళ్టి నుంచి సూప్ బంద్. రక్తపరీక్షకి సోమవారం వెళ్తున్నాను. ఉప్పు ప్యాకెట్ కొత్తది విప్పి తేదీ రాశాను. మా ఆవిడ చూసి, దాని కిందే "డబ్బా నువ్వు ముట్టకు" అని రాసింది.