మైరన్ వీనర్ పుస్తకాల్లో ముందు ఏది చదవాలి?

పాతపుస్తకాల పిచ్చి:
ముల్కీ గొడవల (హైదరాబాద్‌లో ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న గొడవల) గురించి ఏది తిరగేసినా ఈయన పేరు తగులుతోంది. ఎంఐటీలో పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్ అనీ, 1999లో పోయారనీ తప్ప నాకేం తెలీదు. అమెరికా ఆయనకి మన ముల్కీల గోల ఎందుకు పట్టింది? దేంతో మొదలుపెట్టమంటారు? నాది బీకామ్, మరీ థియరీ అయితే నిద్రొచ్చేస్తుంది.

మూసీ ఒడ్డు:
మీక్కావాల్సింది 1978 నాటి ‘సన్స్ ఆఫ్ ది సాయిల్’. అస్సాం, ఛోటానాగ్‌పూర్, హైదరాబాద్‌లని పక్కపక్కన పెట్టి చూస్తాడు. వలసొచ్చినవాళ్ల మీద కోపం ఎప్పుడు రాజుకుంటుందంటే, స్థానికుల పిల్లలు కూడా చదువుకుని అదే గుమాస్తా ఉద్యోగం కోసం లైన్లో నిలబడ్డప్పుడు. మా పెదనాన్న 1969 తెలంగాణ ఉద్యమం గురించి మాట్లాడితే ఇప్పటికీ దొంగ ముల్కీ సర్టిఫికెట్ల దగ్గరే మొదలుపెడతాడు, ఇంక ఆపడు.

బ్రాడీపేట:
అంతకన్నా ముందే మా గుంటూరు మీద రాశాడండీ. 1967లో కాంగ్రెస్ మీద వేసిన ‘పార్టీ బిల్డింగ్ ఇన్ ఎ న్యూ నేషన్’లో ఖేడా, బెల్గాం, కలకత్తా, మధురైతో పాటు గుంటూరు కూడా ఉంది. ఆఫీసుల్లో జనం పనులు చేయించిపెట్టడం, తగువులు తీర్చడం, ఊళ్లో పలుకుబడి ఉన్నవాణ్ని పార్టీలోకి లాక్కోవడం, ఇదంతా చదువుతుంటే మా తాత అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది.

లెక్కల టీచరమ్మ:
నిద్ర రాకూడదంటే 1991లో వచ్చిన ‘ది చైల్డ్ అండ్ ది స్టేట్ ఇన్ ఇండియా’. పేదరికం వల్లే పిల్లలు పనికెళ్తున్నారన్న మాట ఆయన ఒప్పుకోడు, మనంత బీదగా ఉన్నప్పుడే కొన్ని దేశాలు బడి తప్పనిసరి చేశాయి కదా అంటాడు. కూలివాళ్ల పిల్లలకి చదువెందుకులే అని పైవాళ్లు అనుకోవడమే అసలు అడ్డు అని ఆయన వాదన. అధికారులతో మాట్లాడిన మాటల్ని ప్రశ్న-జవాబులుగానే అచ్చేశాడు, చదువుతుంటే ఒళ్లు మండుతుంది. తప్పంతా మనస్తత్వం మీదకి నెట్టేశాడని నాకో కంప్లయింట్ ఉంది, బడ్జెట్ లెక్కలు కూడా చూడాలిగా. అదే కాలంలో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్, బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికులే అంటూ పిల్లల్ని పని మాన్పించి బడికి పంపడం మొదలుపెట్టింది. రెండూ కలిపి చదవండి.

పాతపుస్తకాల పిచ్చి:
సరే, టీచరమ్మ గారి మాటే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరుకుతుందంటారా?

మూసీ ఒడ్డు:
అక్కడ గైడ్లూ ఎంట్రన్స్ మెటీరియలే ఎక్కువ. ముందు యూనివర్సిటీ లైబ్రరీలో అడిగి చూడండి.